దిమ్మకి ఎన్ని యూనిట్లు? భీమవరం ఐస్ ఫ్యాక్టరీల ఎనర్జీ ఆడిట్ డైరీ

డిసెంబరు 4

పోయిన ఏడాది నాలుగు ఐస్ ఫ్యాక్టరీలకి ఎనర్జీ ఆడిట్ చేశాను, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కొలిచి, తగ్గించే దారి చెప్పడం. ఒక్కోదానికి 68 పేజీల రిపోర్టు, స్పైరల్ బైండింగు, రంగు గ్రాఫులు, చివర్లో నా సర్టిఫికెట్ నంబరు. మొన్న ఉండి వైపు వెళ్తూ అందులో ఒక ఫ్యాక్టరీ దగ్గర బండి ఆపి, "నేను రాసినవాటిలో ఏమైనా చేశారాండీ?" అని ఓనరు గారిని అడిగాను. ఆయన చాలా మర్యాదగా "ఆడిట్ రిపోర్టు కదండీ, వచ్చిన రోజే మా ఆడిటరు గారికి పంపించేశాం, జీఎస్టీ కాగితాలతో పాటు" అన్నారు.

అక్కడైతే నవ్వేశాను గానీ ఇంటికొచ్చాక ఆ మాటే బుర్రలో తిరిగింది. తప్పు ఆయనది కాదు. ఇక్కడ ఆడిట్ అంటే లెక్కల పుస్తకాలే, ఆడిటరంటే సీఏ గారే. కంప్రెసర్ పక్కన నిలబడి చదవాల్సిన కాగితాన్ని నేను సీఏ గారి బీరువాలోకి వెళ్ళేలా రాశాను. మిగతా మూడింటికీ ఫోన్ చేస్తే ఒకచోట మాత్రం రెండు ట్యూబులైట్లు తీసి ఎల్ఈడీలు పెట్టారట. గంటకి 45 యూనిట్లు లాగే మోటారున్న చోట రెండు ట్యూబులైట్లు!

ఈసారి ఓనర్ల సంఘం వాళ్ళు 12 ఫ్యాక్టరీలు చేసిపెట్టమన్నారు. భీమవరం చుట్టుపక్కల, ఉండి, ఆకివీడు, కైకలూరు దాకా. పన్నెండు పుస్తకాలు అచ్చేసి ఇస్తే నా డబ్బులు నాకొస్తాయి, పని అయిపోతుంది. కానీ ఈసారి పద్ధతి మార్చి చూద్దామనుకుంటున్నా, ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది అన్నీ ఇక్కడ రాస్తా.

డిసెంబరు 9

ఇవాళంతా కాగితం మీద పని. ముందు నా ముందున్న ఇబ్బంది ఏమిటో రాసుకున్నాను.

2001 ఇంధన పొదుపు చట్టం కింద ఆడిట్ తప్పనిసరి అనేది పెద్ద వాళ్ళకే, సిమెంటు, ఉక్కు, ఎరువులు, థర్మల్ కేంద్రాల వంటి నోటిఫై చేసిన వినియోగదారులకి. 2012లో వచ్చిన పాట్ (పెర్ఫార్మ్, అచీవ్, ట్రేడ్) పథకం కూడా వాళ్ళ గురించే, ఇంధన పొదుపు లక్ష్యం చేరకపోతే సర్టిఫికెట్లు కొనుక్కోవాలి. 20 టన్నుల ఐస్ ఫ్యాక్టరీని అడిగేవాడు లేడు. ఆ మాటకొస్తే భీమవరం ఐస్ ఫ్యాక్టరీలు ఎవరి కంటా పడలేదనీ కాదు, 11వ ప్రణాళిక కాలంలోనే బీఈఈ (ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ) చిన్న పరిశ్రమల క్లస్టర్లని ఎంచుకున్నప్పుడు ఇవి అందులో ఉన్నాయి, ఏ పని చేస్తే ఎంత మిగులుతుందో ఒక మాన్యువల్ కూడా వేశారు. అంటే ఏం చెయ్యాలో తెలియక ఆగిన పని కాదిది.

అమెరికాలో 1976 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. యూనివర్సిటీ ప్రొఫెసర్లు, విద్యార్థులు చిన్న ఫ్యాక్టరీలకి వెళ్ళి ఉచితంగా ఆడిట్ చేస్తారు, ఇచ్చిన ప్రతి సలహానీ, దాన్ని అమలు చేశారా లేదా అన్నదాన్నీ ఒకచోట నమోదు చేస్తారు. ఆ లెక్కలు పట్టుకుని 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు చూస్తే సుమారు సగం సలహాలే అమలయ్యాయి. నాకు ఆసక్తిగా అనిపించింది అది కాదు. ఏడాదికి ఎంత మిగులుతుంది అన్నదానికంటే ఇప్పుడు జేబులోంచి ఎంత తియ్యాలి అన్నదాన్నే ఓనర్లు ఎక్కువగా చూశారట, ఏడాది రెండేళ్ళలో తిరిగి రాని ఖర్చుకి చాలామంది ఒప్పుకోలేదట. అచ్చం మన వాళ్ళ లాగే. నేనేమో పోయినసారి రిపోర్టులో మొదటి పేజీలోనే 14 లక్షల కొత్త కండెన్సర్ (అమ్మోనియా గ్యాసు వేడిని బయటికి వదిలే పైపుల వరస) పెట్టాను, ఎందుకంటే పొదుపు అంకె దానిదే పెద్దది!

ఎనర్జీ ఆడిట్‌కి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 50002లో ఆడిట్ మెట్లు వరసగా ఉంటాయి: ప్లానింగు, ఓపెనింగ్ మీటింగ్, డేటా, కొలతల ప్లాను, సైట్ విజిట్, విశ్లేషణ, రిపోర్టు, క్లోజింగ్ మీటింగ్. నాకు దానితో పేచీ లేదు, కానీ అది క్లోజింగ్ మీటింగ్‌తో ఆగిపోతుంది, ఈ ఫ్యాక్టరీల్లో అసలు పని ఆ రోజు మొదలవ్వాలి. అందుకని వెనక నుంచి ముందుకి రాసుకుంటూ వచ్చాను. ఆడిట్ అయిన 60వ రోజున ఫ్యాక్టరీలో ఏం మారి ఉండాలి, ఆ పని చేసే మనిషి ఎవరు, ఆ రోజుకి వాళ్ళ దగ్గర డబ్బుంటుందా. ఈ మూడూ తేలాకే ఏం కొలవాలో చూడటం. కొలిచేవి సగానికి సగం తగ్గిపోయాయి.

డిసెంబరు 17

సంఘం మీటింగు. టిఫిన్లు బావున్నాయి. ఫీజు దగ్గర గంటన్నర గొడవ.

వాళ్ళు "ఫ్రీగా చెయ్యండి, సంఘం ఇచ్చుకుంటుంది" అన్నారు. వద్దన్నాను. ఫ్రీగా వచ్చినదాన్ని ఆడిటరు గారికి పంపించేస్తారని అనుభవం మరి. చివరికి ఇలా కుదిరింది: ఫ్యాక్టరీకి 10,000 ముందు కట్టాలి, ఇచ్చిన మూడు పనుల్లో రెండు 60 రోజుల్లో చేస్తే 6,000 వెనక్కి. మిగతా ఖర్చు సంఘానిది. నా ఫీజులో కూడా పాతిక శాతం రెండో కొలత అయ్యాకే తీసుకుంటా అన్నాను, అప్పుడు గదిలో కొంచెం మెత్తబడ్డారు.

మూడు పనులే. పోయినసారి ఒక్కోచోట పద్నాలుగు ఇచ్చాను. పద్నాలుగు ఇస్తే మనిషి అన్నిటికంటే తేలికైనది ఒకటి చేసి (ట్యూబులైట్లు) మనసు కుదుటపరుచుకుంటాడు.

ఇంకోటి, పేరు. ఆడిట్ అనే మాట తీసేద్దామన్నాను. ఒకాయన "కరెంటు చెకింగు అని పెట్టండి" అన్నారు. అందరూ ఒక్కసారి ఘొల్లున నవ్వారు, ఎందుకంటే చెకింగు అంటే మీటర్లు తనిఖీ చేసే స్క్వాడ్ వాళ్ళు. ఆ పేరుతో వెళ్తే నైట్ షిఫ్టు వాళ్ళు గేటుకి తాళం వేస్తారు. చాలాసేపు అయ్యాక ఒక పెద్దాయన, మూడు తరాలుగా ఐస్ వ్యాపారం, "మాకు తెలిసింది దిమ్మ లెక్కేనండి, ఎన్ని దిమ్మలు తీశాం, ఎన్ని అమ్మాం" అన్నారు. సరే, దిమ్మ లెక్క. కిలోవాట్ అవర్ పర్ టన్ను అని ఇన్నాళ్ళూ నేను అంటున్నది దిమ్మకి ఎన్ని యూనిట్లు అని మారింది. రాష్ట్రంలో ఏ రిపోర్టులోనూ ఈ కొలత ఉండదేమో, మాకు అనవసరం.

పన్నెండింటిని నాలుగేసి చొప్పున మూడు దఫాలుగా విడగొట్టాను. నా దగ్గర మీటర్లు రెండే ఉండటం అసలు కారణం. (దీనివల్ల వేరే లాభం ఉందని మార్చిలో గానీ తెలియలేదు, అప్పుడు రాస్తా.)

డిసెంబరు 26

మొదటి ఫ్యాక్టరీ, ఆకివీడు దగ్గర. తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. పెద్ద ట్యాంకు నిండా ఉప్పు నీళ్ళు, అది మైనస్ 9, 10 డిగ్రీల్లో ఉంటుంది, అందులో రేకు క్యాన్లు వరసలుగా మునిగి ఉంటాయి, వాటిలో మంచినీళ్ళు. అమ్మోనియా పైపులు ఆ ఉప్పు నీళ్ళలోని వేడిని లాగేస్తుంటాయి. 150 కిలోల దిమ్మ గడ్డకట్టడానికి దాదాపు రెండు రోజులు. తర్వాత క్రేనుతో వరస వరసంతా లేపి మామూలు నీళ్ళ తొట్టిలో ముంచితే దిమ్మ క్యాను వదులుతుంది. ఆ దిమ్మలు క్రషర్లో పడి, శీలావతి, బొచ్చె ట్రేల్లో చేపల మధ్య పొరలుగా చేరి, లారీల్లో కలకత్తా దాకా పోతాయి.

లెక్క చూద్దాం. 30 డిగ్రీల నీటిని 0కి దించాలంటే కిలోకి 30 కిలో కేలరీలు, గడ్డకట్టించడానికి 80, గడ్డని మైనస్ 8 దాకా చల్లార్చడానికి ఇంకో 4. మొత్తం 114. 150 కిలోల దిమ్మకి 17,100, అంటే దగ్గరదగ్గర 20 యూనిట్ల వేడి. కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటు తిని మూడు యూనిట్ల వేడిని తోడుతుందనుకుంటే 6.6 యూనిట్లు. దాని మీద మోటారు, బెల్టు నష్టాలు, నీళ్ళ పంపులు, ఎజిటేటర్ (ఉప్పు నీళ్ళని కలియబెట్టేది), ట్యాంకు గోడల్లోంచీ మూతల సందుల్లోంచీ వచ్చే వేడి. అన్నీ కలిపి 9 లోపు ఉంటే మంచి ఫ్యాక్టరీ అని నా లెక్క. ఈ ఫ్యాక్టరీ ఎంతలో ఉందో ఓనరుకీ తెలీదు, ఆపరేటర్‌కీ తెలీదు. నెలకి బిల్లు ఎంత వస్తుందో మాత్రం పైసలతో సహా ఇద్దరికీ తెలుసు.

నేను అతి తెలివిగా ఒక సలహా అక్కడే ఇచ్చాను. దిమ్మలు ముంచే తొట్టిలో నీళ్ళు చల్లబడుతున్నాయి కదా, వాటినే క్యాన్లలో పోసుకుంటే పది డిగ్రీలు కలిసొస్తాయి, 114లో 10 మిగిలినట్టే కదా అని. ఆపరేటర్ బాబాయ్, అరవై దాటి ఉంటాయి, బీడీ పక్కన పెట్టి "క్యాను మీద ఉప్పు నీళ్ళు కారుతుంటాయి బాబూ, ఆ తొట్టి నీళ్ళు నోట్లో పోసుకుని చూడు" అన్నాడు. పోసుకున్నాను. ఉప్పు. ఆ నీళ్ళతో కట్టిన దిమ్మ సరిగ్గా గట్టిపడదు, తెల్లగా నురుగు నురుగుగా వస్తుంది, కొనేవాడు తిరగ్గొడతాడు. పోయినసారి రిపోర్టుల్లో 31వ పేజీలో ఈ సలహా నాలుగు ఫ్యాక్టరీలకీ ఇచ్చాను. ఒక్కరూ తప్పని చెప్పలేదు, ఎందుకంటే ఒక్కరూ అక్కడిదాకా చదవలేదు.

మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఆలోచిస్తే దారి దొరికింది. మంచినీళ్ళ పైపునే నాలుగు చుట్లు చుట్టి ఆ తొట్టిలో ముంచేస్తే నీళ్ళు కలవకుండా చల్లదనం మాత్రం ఎక్కుతుంది. పది డిగ్రీలు రావు, నాలుగో ఐదో వస్తాయి. చాలు.

జనవరి 6

బాగా దెబ్బ తిన్నాను, పూర్తిగా నా తప్పే.

రెండో ఫ్యాక్టరీలో మెయిన్ ప్యానెల్ మీద పవర్ లాగర్ (కరెంటు వాడకాన్ని నమోదు చేసుకుంటూ పోయే మీటరు) పెట్టి వారం వదిలేశాను. ఇవాళ డేటా దించితే సగటు 16 కిలోవాట్లు. 60 హెచ్‌పీ కంప్రెసర్ నడుస్తూ, పంపులు నడుస్తూ 16 ఏమిటి? ఒక్క నిమిషం ఈ ఫ్యాక్టరీ అద్భుతం అనిపించింది కూడా. తర్వాత వెలిగింది. మూడు ఫేజులకీ తగిలించిన క్లాంపుల్లో ఒకటి తిరగేసి పెట్టాను. రెండు ఫేజులు కూడుతున్నాయి, ఒకటి తీసేస్తోంది, అందుకే అసలు లోడులో మూడో వంతు కనిపించింది. 16ని మూడుతో గుణిస్తే 48, అదే నిజం.

గుణించుకుంటే సరిపోతుందిగా అనుకోవచ్చు, కానీ ఫేజులన్నిటి మీదా లోడు సమానంగా ఉంటేనే అది చెల్లుతుంది, ఇక్కడ ఒక ఫేజు మీద ఆఫీసు ఏసీ, క్వార్టర్సు లైట్లు ఉన్నాయి. వారం డేటా చెత్తబుట్ట. ఇకమీదట నియమం: లాగర్ పెట్టాక పదిహేను నిమిషాలు కూర్చోవాలి, డిపార్టుమెంటు మీటరులో అదే పదిహేను నిమిషాల్లో తిరిగిన యూనిట్లతో సరిచూడాలి, రెండూ కలిస్తేనే గేటు దాటాలి.

జనవరి 19

సంక్రాంతి వారం భీమవరంలో కొలతలు పెట్టుకున్నవాడు బహుశా నేనొక్కడినే. ఆపరేటర్లు ఉన్నారు గానీ మనసులు బరుల దగ్గరున్నాయి. నాలుగు రోజులు పోయాయి, సంతోషంగా పోగొట్టుకున్నాను.

అసలు చిక్కు దిమ్మల సంఖ్య దగ్గర వచ్చింది. యూనిట్లు మీటరు చెబుతుంది, దిమ్మలు ఎవరు చెప్పాలి? రిజిస్టర్లో రాసేవి అమ్మిన దిమ్మలు. విరిగినవి, కూలీలకి ఇచ్చేసినవి, ఓనరు గారి బావమరిది చేపల చెరువుకి ఊరికే పోయినవి దాంట్లో ఉండవు. ఒకచోట పది రోజుల్లో రిజిస్టరుకీ, క్రేను లేపిన లెక్కకీ తేడా ఏడు శాతం వచ్చింది. నేను పట్టుకోవాలనుకున్న పొదుపే పది పన్నెండు శాతం, కొలతలోనే ఏడు పోతే ఏం మిగులుతుంది?

అందుకని క్రేను దగ్గర గోడ మీద నల్ల పెయింటుతో చిన్న బోర్డు వేయించాం. షిఫ్టు మారేటప్పుడు మూడే అంకెలు: మీటరు రీడింగు, లేపిన దిమ్మలు, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చేది. రాసేది ఆపరేటర్. భాగహారం కష్టమైతే ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంది. దీన్ని ఆఫీసులో పెట్టమని ఇద్దరు ఓనర్లు అడిగారు, నేను ఒప్పుకోలేదు, అంకె మారేది కంప్రెసర్ రూములో కాబట్టి అంకె ఉండాల్సిందీ అక్కడే.

మొదటి నాలుగింటి అంకెలు: 10.4, 9.6, 10.8, 11.9.

జనవరి 29

ఇవాళ్టిది వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ మొత్తం పనిలో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ వచ్చింది ఇక్కడే.

10.4 ఫ్యాక్టరీలో హెడ్ ప్రెజర్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్‌లోకి పోయే గ్యాసు ఒత్తిడి) చదరపు అంగుళానికి 210 పౌండ్లు చూపిస్తోంది. అమ్మోనియాకి ఆ ప్రెజర్ అంటే 40 డిగ్రీలు. బయట చలికాలం, కండెన్సర్ మీద పడే నీళ్ళు 27 డిగ్రీలే. మరి 40 ఎందుకుంది? పైపుల మీద సున్నం పెంకు కట్టి ఉండాలి, లేదా లోపల గాలి ఉండాలి. ఇక్కడ బోరు నీళ్ళు కాబట్టి పెంకు కళ్ళకే కనబడుతోంది, ఓనరు కూడా దాన్నే అనుమానించారు. గాలి సంగతి తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. కంప్రెసర్ ఆపేసి నీళ్ళు మాత్రం కండెన్సర్ మీద పోనివ్వాలి, లోపలి గ్యాసు నీళ్ళంత చల్లబడేదాకా. 27 డిగ్రీల దగ్గర శుభ్రమైన అమ్మోనియా ప్రెజర్ 140 పౌండ్ల చుట్టూ ఉండాలి. గేజీ 165 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు చూసినా దిగలేదు. ఆ పాతిక పౌండ్లూ గాలే.

బాబాయ్‌కి చెబితే "గాలి తీసి రెండేళ్ళయింది, తీసేవాడు దుబాయ్ పోయాడు" అన్నాడు. తియ్యడం ఆయనకీ వచ్చు, కానీ ఎవరూ చెప్పలేదు కాబట్టి తియ్యలేదు. మాస్కులు పెట్టుకుని, తడి గుడ్డలు దగ్గరుంచుకుని, గాలి దిశ చూసుకుని మొదలెట్టాడు. పర్జ్ వాల్వుకి గొట్టం తగిలించి, చివర బకెట్ నీళ్ళలో ముంచాడు. అమ్మోనియా నీళ్ళలో కరిగిపోతుంది, గాలి కరగదు, బుడగలై పైకొస్తుంది. బుడగలొస్తున్నంతసేపూ వాల్వు సన్నగా తెరిచి ఉంచడం, బుడగలు పోయి చిటపట శబ్దం మొదలవ్వగానే మూసెయ్యడం. కాస్త ఆపి మళ్ళీ. మూడు గంటలు పట్టింది. (అలవాటు లేనివాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు, అమ్మోనియా కళ్ళకి తగిలితే చూపు పోతుంది.)

సాయంత్రం అదే లోడు మీద హెడ్ 187కి వచ్చింది, అంటే 36 డిగ్రీలు. కండెన్సర్ వైపు ఒక డిగ్రీ దిగితే కంప్రెసర్ కరెంటు రెండు మూడు శాతం తగ్గుతుంది, కాబట్టి నాలుగు డిగ్రీలకి పది శాతం దగ్గర. ఆ రాత్రి బోర్డు మీద 9.5. బాబాయ్ ఆ అంకెని రెండుసార్లు రుద్ది మళ్ళీ రాశాడు, తప్పు లెక్కేశానేమో అని.

నాకు కొంచెం సిగ్గేసింది. పోయినసారి ఇలాంటి ఫ్యాక్టరీకే 14 లక్షల కండెన్సర్ రాశాను. లోపల గాలి ఉందా లేదా చూడలేదు. చూడాలంటే గంట కంప్రెసర్ ఆపాలి, ఆపమని అడగడానికి మొహమాటం. ఇప్పుడు ఫీజు కట్టించుకునేటప్పుడే కాగితం మీద రాయించుకుంటున్నా, ఒక గంట మిషను నా చేతికివ్వాలి అని.

ఫిబ్రవరి 12

రిపోర్టు ఇప్పుడు రెండు షీట్లు. మొదటిది లామినేట్ చేసి కంప్రెసర్ రూములో తగిలించేది: మూడు పనులు, ఒక్కోదాని పక్కన చేసే మనిషి, తేదీ, ఖర్చు. రెండోది ఓనరు జేబులో పెట్టుకునేది: ఇవాళ దిమ్మకి ఇన్ని, పనులయ్యాక ఇన్ని, సీజన్‌కి ఇన్ని రూపాయలు. పెద్ద రిపోర్టు బ్యాంకు అడిగితేనే తీస్తాను.

"చేసే మనిషి" అన్న గడి నింపడానికే ఎక్కువ టైము పట్టింది. ట్యాంకు మీద చెక్క మూతలు వంకర్లు పోయి వేలు దూరే సందులున్నాయి, కొత్త మూతలంటే వడ్రంగి ఎవరు? పైపుల్లోపల పేరుకున్న ఆయిల్ తియ్యాలి (అమ్మోనియాలో ఆయిల్ కలవదు, చల్లటి పైపుల అడుగున చేరి పొరలా అడ్డుపడుతుంది), ఎవరు, ఏ రోజు? మోటార్ల సంగతికొస్తే వైండింగ్ షాపు ఆయన్ని కలవాల్సొచ్చింది. ఒక 60 హెచ్‌పీ మోటారు నాలుగుసార్లు రీవైండింగ్ అయింది, ఆయన దగ్గరే. కాలిపోయిన ప్రతిసారీ కొంచెం పనితనం పోతుంది, కొత్త ఐఈ3 (తక్కువ కరెంటు తినే రకం) కొనమని నేను రాస్తే ఆయన గిరాకీ పోతుంది, ఆయన ఓనరుతో "పాత మోటారే గట్టిదండి, ఈ కొత్తవన్నీ డొల్ల" అంటాడు. ఓనరు ఎవరి మాట వింటాడు? ఇరవై ఏళ్ళుగా అర్ధరాత్రి ఫోన్ చేసినా వచ్చేవాడి మాట వింటాడు, వినాలి కూడా. అందుకని కొత్త మోటారు సప్లయి, అమరిక, బెల్టుల సర్దుబాటు ఆయన చేతే చేయించేలా మాట్లాడాం. ఇప్పుడు ఆయనే మిగతా ఫ్యాక్టరీల్లో పాత మోటార్ల లిస్టు తెచ్చిస్తున్నాడు.

ఫిబ్రవరి 27

ఈ నెలలో అన్నీ బాగా జరగలేదు. 11.9 ఫ్యాక్టరీలో అన్నదమ్ముల పంపకాలు నడుస్తున్నాయి, ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఇద్దరిలో ఎవరు ఖర్చు పెట్టినా రెండోవాడికి లాభం అని పట్టుదల. ఎంపిక చేసేటప్పుడు యంత్రాల వయసు, లోడు అన్నీ అడిగాను, నిర్ణయం ఎవరు తీసుకుంటారు అని అడగలేదు. రెండో దఫా ఫారంలో అదే మొదటి ప్రశ్న.

ఇంకోచోట ఓనరు గారు నాకు చెప్పకుండా ఒక కరెంటు పొదుపు డబ్బా కొన్నారు, గోడకి తగిలిస్తే పాతిక శాతం తగ్గుతుందని ఎవడో అంటగట్టాడు. విప్పితే లోపల చిన్న కెపాసిటర్, ఒక ఎర్ర లైటు. కెపాసిటర్ వల్ల పవర్ ఫ్యాక్టర్ బాగుపడి కేవీఏ డిమాండ్ తగ్గొచ్చు, వాళ్ళ ప్యానెల్లో ఇప్పటికే సరిపడా ఉన్నాయి, మోటారు చేసే పనికి కావలసిన యూనిట్లు మాత్రం ఏ డబ్బా తగ్గించదు. నేను వాదించలేదు. బోర్డు మీద వారం డబ్బాతో, వారం డబ్బా లేకుండా రాయమన్నాను. పదో రోజునే పీకేశారు. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవు) గురించి కూడా చాలామంది అడుగుతున్నారు, రోజంతా ఒకే లోడు మీద తిరిగే కంప్రెసర్‌కి అది పెడితే మిగిలేది పెద్దగా ఉండదు, డ్రైవు తినేది అదనం. లోడు మారే చోట వేరు.

డబ్బు సంగతి. అమెరికా సుంకాల తర్వాత రొయ్య దెబ్బ తింది, ఎవరూ పెట్టుబడి మాట ఎత్తట్లేదు. 2025 జులైలో కేంద్రం మొదలెట్టిన అడీటీ పథకంలో సూక్ష్మ, చిన్న సంస్థలకి అప్పు మీద 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. దానికి మాత్రం పెద్ద ఆడిటే కావాలి, కొలతలు, ప్రాజెక్టు రిపోర్టు అన్నీ. ఇద్దరు ఓనర్లు కండెన్సర్ మార్చుకుంటామన్నారు, వాళ్ళకి 68 పేజీలూ రాస్తాను, ఈసారి ఎవరు చదువుతారో తెలిసి రాస్తాను.

మార్చి 21

రెండో కొలత. పొద్దున్న బాబాయ్ మొహం వాడిపోయి ఉంది. బోర్డు మీద 9.9. "తగ్గింది తగ్గినట్టే మళ్ళీ పెరిగింది బాబూ, నేనేం చెయ్యలేదు."

నిజంగానే ఆయనేం చెయ్యలేదు, ఎండలు చేశాయి. డిసెంబరులో 25 డిగ్రీలున్న బోరు నీళ్ళు ఇప్పుడు 29, ప్రతి డిగ్రీకీ ఒక శాతం దగ్గర అదనపు పని. గాలి వేడెక్కి, తేమ పెరిగి కండెన్సర్ ప్రెజర్ కూడా పైకి జరిగింది. 10.4 నుంచి 9.9 అంటే ఐదు శాతమేగా, ఇంతేనా అని ఓనరు అడిగారు.

ఇక్కడే ఆ దఫాల సంగతి అక్కరకొచ్చింది. ఇంకా చెయ్యి పెట్టని మూడో దఫా ఫ్యాక్టరీ ఒకటుంది, అదే ఊళ్ళో, అదే నీళ్ళు, దాదాపు అదే సైజు. మీటర్లు లేకపోయినా బోర్డు మాత్రం జనవరిలోనే అక్కడా పెట్టించాను. దాని అంకె 10.1 నుంచి 10.9 అయింది. అంటే ఏమీ చెయ్యకపోతే ఎండ వల్ల ఎనిమిది శాతం పెరగాలి, ఈ ఫ్యాక్టరీ 10.4 నుంచి 11.2కి పోవాలి. పోలేదు, 9.9 దగ్గరుంది. దిమ్మకి 1.3 యూనిట్లు. రోజుకి 130 దిమ్మలు లేపితే 170 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా రోజుకి 1,190.

ఓనరు గారికి ఈ లెక్క అర్థమవడానికి రెండు టీలు పట్టింది, బాబాయ్‌కి వెంటనే ఎక్కింది. "అంటే అవతలోడు ఎండకి ఎక్కువ చెమట్లు కక్కుతున్నాడన్నమాట."

ఒక్క ఫ్యాక్టరీతో పోల్చి ఇంత గట్టిగా చెప్పకూడదని నాకూ తెలుసు. మూడో దఫాలో నాలుగింటికీ బోర్డులున్నాయి, మే నెలాఖరు దాకా నాలుగింటి సగటూ పెట్టుకుని మళ్ళీ వేస్తాను, అంకె మారితే మారినట్టే రాస్తా.

మొదటి దఫాలో ఇచ్చినవి పన్నెండు పనులు, అయినవి ఎనిమిది. 60 రోజుల్లో రెండేసి పూర్తిచేసి 6,000 వెనక్కి తీసుకున్నవాళ్ళు ముగ్గురు. ఆ డబ్బు పెద్ద మొత్తమేం కాదు గానీ, గడువు దాటుతుంటే ఒకాయన రాత్రి తొమ్మిదింటికి వడ్రంగిని వెంటేసుకుని వచ్చి మూతలు బిగించడం కళ్ళారా చూశాను. నెలకి లక్షల్లో బిల్లు కట్టే మనిషి ఆరు వేల కోసం!

ఏప్రిల్ 8

రెండో దఫా కొలతలు సగంలో ఉన్నాయి. ఒకచోట తొట్టిలో పైపు చుట్లు లీకై క్యాన్లలో ఉప్పు చేరి ఒక వరస దిమ్మలు పాడయ్యాయి, వెల్డింగు సరిగ్గా చూసుకోకపోవడం నాదీ తప్పే, ఆ దిమ్మల ఖరీదు నా ఫీజులో తగ్గించుకోమన్నాను. ఓనరు గారు మాట్లాడకుండా తగ్గించుకున్నారు.

బోర్డులకి ఒక కొత్త రోగం వచ్చింది. పక్క ఫ్యాక్టరీల అంకెలు ఆపరేటర్లకి ఫోన్లలో తెలుస్తున్నాయి, ఒక నైట్ షిఫ్టు కుర్రాడు రెండు రోజులుగా 8.4 రాస్తున్నాడు. అనుమానమొచ్చి చూస్తే తెల్లారుజామున లేపాల్సిన వరసని సగం గడ్డకట్టగానే లేపేసి తన లెక్కలో వేసుకుంటున్నాడు, దిమ్మ మధ్యలో నీళ్ళే. తిట్టలేదు. బోర్డులో నాలుగో గడి గీశాను: బోలు దిమ్మలు ఎన్ని. అవి లెక్కలోంచి తీసెయ్యాలి.

రేపు పొద్దున్నే కైకలూరు, ఏడో ఫ్యాక్టరీ. లాగర్ చార్జింగులో పెట్టాను, క్లాంపుల మీద బాణం గుర్తులకి ఎర్ర పెయింటు వేశాను, ఇంకా ఆరలేదు.